విమానాశ్రయ సెక్యూరిటీ చెక్: నా మోకాలి సాక్షిగా రెండున్నర నక్షత్రాలు

నా కుడి మోకాలిలో పదకొండేళ్లుగా లోహపు కీలు ఉంది. ఏ విమానాశ్రయానికి వెళ్లినా ఆ తలుపు లేని గుమ్మం నన్ను చూడగానే కూస్తుంది. హోటళ్లకీ, క్యాబులకీ రివ్యూలు రాస్తాం గానీ, టికెట్టు కొన్న ఎవరూ తప్పించుకోలేని ఈ సేవకి మాత్రం ఎవరూ రాయరు. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైనదాన్ని, పైగా ఆ క్యూ పక్కన నాలా నిలబెట్టించుకున్నవాళ్లు తక్కువే ఉంటారు. అందుకని నేనే పూనుకున్నాను.

ముందు సిబ్బంది సంగతి. చాలాచోట్ల మర్యాదకి లోటుండదు. "ఆపరేషన్ అయిందా మేడమ్?" అని అడిగి, కుర్చీ వేసి, చేతి యంత్రంతో మోకాలి చుట్టూ తిప్పి పంపేస్తారు. పోయినసారి మాత్రం ఒక అమ్మాయి తెర వెనక్కి తీసుకెళ్లి, కుట్లు వేసినచోట గట్టిగా నొక్కి చూసింది. డాక్టరు రాసిచ్చిన కాగితం చూపించబోతే చదవను కూడా లేదు. "కాగితాలు ఎవరైనా తెచ్చుకోవచ్చు మేడమ్" అంది. ఒళ్లు మండింది. విమానంలో కూర్చున్నాక ఆలోచిస్తే, ఆ పిల్ల అన్నదే సబబు. నా తెల్లజుట్టు చూసి వదిలేస్తే దాన్ని భద్రత అనరు, మొహమాటం అంటారు.

కానీ అదే రోజు నా వెనక ఒక కుర్రాడు ఉన్నాడు. గడ్డం, బెరుకు చూపు. గుమ్మం కూయకుండానే పక్కకి పిలిచారు, మళ్లీ విమానం ఎక్కేచోట ఇంకోసారి పిలిచారు. నన్ను ఆపినందుకు కారణం నా ఎముకలో ఉంది. అతన్ని ఆపినందుకు కారణం చూసేవాళ్ల బుర్రలో ఉంది. ఒక నక్షత్రం అక్కడే కోసేశాను.

ఇక గుమ్మం పుట్టుక చూస్తే తమాషాగా ఉంటుంది. 1968 నుంచి 1972 దాకా అమెరికాలో 130కి పైగా విమానాలు హైజాక్ అయ్యాయి. సగటున రెండు వారాలకొకటి! అయినా ప్రయాణికులందర్నీ సోదా చేద్దామంటే విమాన సంస్థలు ఒప్పుకోలేదు. పెద్దమనుషుల్ని దొంగల్లా తడిమితే టికెట్లెవరు కొంటారని వాళ్ల బాధ. హైజాకర్లు డబ్బడిగితే ఇచ్చెయ్యడం, క్యూబాకి పొమ్మంటే పోవడం, ఇదే పద్ధతిగా నడిచింది. 1972 నవంబరులో ముగ్గురు హైజాకర్లు సదరన్ ఎయిర్‌వేస్ విమానాన్ని టెన్నెసీలోని ఓక్ రిడ్జ్ అణుకేంద్రం మీద చక్కర్లు కొట్టించి, అడిగిన డబ్బు ఇవ్వకపోతే దాన్ని తీసుకెళ్లి రియాక్టరు మీద కూలుస్తామన్నారు. అంతే, రెండు నెలలు తిరక్కుండా, 1973 జనవరి 5 నుంచి అందరికీ సోదా తప్పనిసరైంది. అన్నేళ్ల హైజాకులకి కదలని ప్రభుత్వం ఒక్క బెదిరింపుకి కదిలింది. హైజాకర్ల చేతుల్లో ఆయుధాలు కొత్తవేం కాదు, విమానమే ఆయుధం కావచ్చన్న ఊహ కొత్తది. (ఆ ఊహని తర్వాత ఎంత హాయిగా మర్చిపోయారో 2001 సెప్టెంబరులో తెలిసింది.)

బ్యారీ బుజాన్, ఓలె వేవర్ అనే పండితులు ఇలాంటి మలుపునే సిద్ధాంతంగా చెప్పారు. ప్రమాదం ఉండటం ఒక సంగతి. "ఇది మన ఉనికికే ముప్పు" అని అధికారంలో ఉన్నవాళ్లు అనడం, జనం తలూపడం ఇంకో సంగతి. ఆ రెండోది జరిగితేనే, నిన్నటిదాకా కుదరదన్న పనులు ఇవాళ తప్పవు అనిపించుకుంటాయి. నా హ్యాండ్‌బ్యాగులోంచి దువ్వెన, కళ్లజోడు, మందుల డబ్బా ట్రేలో పోసేటప్పుడు నాకు ఈ మాటే గుర్తొస్తుంది.

సోదా తప్పనిసరైన తర్వాతి నెలలోనే, 1973 ఫిబ్రవరిలో, అమెరికా, క్యూబా ఒక ఒప్పందానికి వచ్చాయి: హైజాకర్లు దిగితే శిక్షించాలి, లేదా తిప్పి పంపాలి. హైజాకులు బాగా తగ్గాయి. అందులో గుమ్మం వాటా ఎంత అని నన్నడిగితే సగం మార్కులు ఒప్పందానికే వేస్తాను. కానీ ఒప్పందం ప్రయాణికుడి కంటికి ఆనదు, గుమ్మమైతే ఎదురుగా నిలబడి కూస్తుంది.

అక్కణ్ణుంచి ఈ క్యూ మొత్తం పాత భయాల మ్యూజియమే. 2001 డిసెంబరులో రిచర్డ్ రీడ్ అనేవాడు ప్యారిస్ నుంచి మయామీ వెళ్లే విమానంలో బూటులో పెట్టుకొచ్చిన బాంబు వెలిగించబోయాడు. అమెరికాలో కోట్ల మంది బూట్లు విప్పారు. 2006 నుంచి తప్పనిసరైన ఆ తంతు 2025 జులైలో ఆగింది. 2006 ఆగస్టులో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు పేల్చే పన్నాగం ఒకటి బ్రిటన్‌లో బయటపడింది, మనకి 100 మిల్లీలీటర్ల గీత వచ్చింది. 2009 క్రిస్మస్ రోజున డెట్రాయిట్ విమానంలో ఒకడు లోదుస్తుల్లో బాంబు తెచ్చాడు, ఒళ్లంతా చూసే స్కానర్లు ఊరూరా వెలిశాయి. మూడింటిలో ఏ పథకాన్నీ గుమ్మం పట్టుకోలేదు. ద్రవాల పన్నాగాన్ని నిఘా పట్టుకుంది. మిగతా రెండిటినీ తోటి ప్రయాణికులూ, సిబ్బందీ మీదపడి ఆపారు. డెట్రాయిట్ కుర్రాడి గురించైతే సొంత తండ్రే నెల ముందు నైజీరియాలోని అమెరికా ఎంబసీకి వెళ్లి హెచ్చరించాడు. తండ్రి మాట ఫైల్లోనే ఉండిపోయింది. స్కానర్లు మాత్రం నా మోకాలి దాకా వచ్చాయి.

పోనీ పెట్టిన తనిఖీ గట్టిదా? 2015లో అమెరికా ప్రభుత్వమే మారువేషాల్లో మనుషుల్ని పంపి పరీక్షించింది. నకిలీ బాంబులు, ఆయుధాలతో చేసిన 70 ప్రయత్నాల్లో 67 పట్టుబడలేదని వార్తలొచ్చాయి. మా బడిలో అలాంటి మార్కులొస్తే పిల్లాడి తండ్రిని పిలిపించేవాళ్లం.

మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాలి కదా. 2001 తర్వాత వచ్చిన మార్పుల్లో నా లెక్కన నిజంగా పనికొచ్చినవి రెండు: పైలట్ల గదికి గట్టి తలుపు, హైజాకరు ఆడమన్నట్టు ఆడితే బతికిపోతామన్న నమ్మకం ప్రయాణికుల్లో పోవడం. క్యూలో ఈ రెండూ కనిపించవు. ఆ తలుపుకీ ఒక చీకటి పక్క ఉందని 2015 మార్చి 24న తేలింది. జర్మన్‌వింగ్స్ అనే సంస్థ విమానంలో కెప్టెన్ కాసేపు ఆ గదిలోంచి బయటికొచ్చాడు. లోపలున్న కో-పైలట్ గడియ వేసుకుని విమానాన్ని ఆల్ప్స్ కొండల్లో కూల్చేశాడు. 150 మంది పోయారు. బయటి దొంగ కోసం బిగించిన గడియ ఇంటిదొంగకి అక్కరకొచ్చింది. ఇందుకు నక్షత్రం కోయను, కోయడానికి నాకు చెయ్యి రాదు.

అసలు పెద్ద ఖర్చు విమానాశ్రయంలో కనపడనే కనపడదు. 2001 తర్వాత ఎంతోమంది అమెరికన్లు విమానాలు మానేసి కార్లెక్కారు. జర్మన్ మనస్తత్వవేత్త గెర్డ్ గిగరెంజర్ లెక్క ప్రకారం, ఆ సెప్టెంబరు తర్వాతి ఏడాది కాలంలో అదనంగా దాదాపు 1,500 మంది రోడ్ల మీద చనిపోయారు. వాళ్లకి స్మారక స్తంభాలు లేవు. ఒక్కొక్కరుగా, వేరువేరు రోడ్ల మీద పోయారు మరి.

వేగం విషయం త్వరగా ముగిస్తాను. లోపలున్నవి బయటికి తియ్యకుండానే బ్యాగుని అన్ని వైపుల్నుంచీ చూసే కొత్త స్కానర్లు హాయి. అలాంటివి పెట్టినచోట పెద్ద సీసాలు తీసుకెళ్లనిచ్చిన ఐరోపా సమాఖ్య, 2024 సెప్టెంబరులో మళ్లీ 100 మిల్లీలీటర్లే అంది. నేను షాంపూ సీసా పెట్టాలో తియ్యాలో తేలక ఇంట్లోనే వదిలేస్తున్నాను. పెట్టేటప్పుడు ఒక్క రాత్రిలో పెట్టిన నియమం తీసేటప్పుడు ఇన్నేళ్లెందుకు పడుతుందో అర్థం చేసుకోగలను. తీసేసిన మర్నాడు ఏదైనా జరిగితే సంతకం పెట్టినవాడి మెడకి చుట్టుకుంటుంది. ఉంచితే పోయేది నా ఇరవై నిమిషాలే, ఆ ఇరవై నిమిషాలకి ఏ అధికారీ జవాబు చెప్పక్కర్లేదు.

మొత్తమ్మీద రెండున్నర. నొక్కి చూసిన ఆ అమ్మాయికి విడిగా అయిదు.

మోకాలో తుంటో మార్పించుకున్నవాళ్లకి: గుమ్మం కూసేదాకా ఆగకండి, ముందే నోటితో చెప్పండి. ఒళ్లంతా చూసే స్కానర్ ఉంటే దాంట్లోకే పంపమని అడగండి, తడమడం కాస్త తగ్గుతుంది. వదులుగా, మోకాలి పైదాకా మడవగలిగే బట్టలు వేసుకోండి. కుర్చీ అడగడానికి సిగ్గుపడొద్దు.