రైఫిల్ బ్యారెల్ కడిగే సాల్వెంట్లు: పదకొండేళ్ల తర్వాత నా బల్ల మీద మిగిలినవి

నా దగ్గర రెండు రైఫిళ్లున్నాయి. ఒకటి .308 బోల్ట్ యాక్షన్, ఇంకొకటి .22 (ఈ అంకెలు తూటా సైజులు). ఈ రెండిటి కోసం పదకొండేళ్లలో పద్నాలుగో పదిహేనో రకాల సాల్వెంట్లు, అంటే బ్యారెల్లో మురికిని కరిగించే మందులు, కొన్నాను. ఇప్పుడు బల్ల మీద మూడు సీసాలు, ఒక నురగ డబ్బా ఉన్నాయి. మిగతావి కొన్ని అయిపోయాక మళ్లీ కొనలేదు, కొన్ని సగంలోనే పక్కన పెట్టేశాను. ఎందుకు పెట్టేశానో చెబుతాను.

"ఏ సాల్వెంట్ బాగుంటుంది?" అని ఎవరైనా అడిగితే, "ఏ మురికికి?" అని నేనే ఎదురు అడుగుతాను. బ్యారెల్లో ఉండేది ఒక రకం మురికి కాదు. గన్‌పౌడర్ కాలిన మసి ఒకటి. బుల్లెట్ పైతొడుగు నుంచి ఒలిచి అంటుకున్న రాగి ఇంకొకటి. ఆ తొడుగు సాధారణంగా 95 పాళ్లు రాగి, 5 పాళ్లు జింకు కలిసిన లోహం. .22లో అయితే తొడుగు లేని సీసం బుల్లెట్లే ఎక్కువ, కాబట్టి అక్కడ మిగిలేది సీసం, దాని మీద పూసే మైనం, మసి. మసిని కరిగించే మందు రాగిని పెద్దగా ముట్టుకోదు. రాగిని తినే మందు గట్టిపడిన మసి ముందు చేతులెత్తేస్తుంది. పైగా .308 లాంటి వాటిలో ఇవి పాత గోడకు సున్నం మీద సున్నం కొట్టినట్టు ఉంటాయి: రాగి మీద మసి, మసి మీద మళ్లీ రాగి. పై పొర పోతే తప్ప కింది పొరకు మందు తగలదు. ఈ సంగతి తెలియక మొదటి రెండేళ్లు సీసాలు మార్చుకుంటూ పోయాను.

మొదట కొన్నది అందరూ కొనేదే, హాప్పీస్ నంబర్ 9. 1903 నుంచి ఉన్న మందు. మూత తీస్తే మాగిన అరటిపండు వాసన లాంటిది వస్తుంది, అది అమైల్ అసిటేట్ వాసన. ఆ వాసన కోసమే కొనేవాళ్లను చూశాను, వాళ్లను తప్పుపట్టను. మసి మీద బాగా పనిచేస్తుంది, బ్యారెల్‌కు హాని ఉండదు. రాగి మీద మాత్రం చాలా నెమ్మది. నలభై యాభై రౌండ్లు కాల్చిన .308లో దీనొక్కదాన్నే నమ్ముకుంటే ప్యాచ్‌లు (లోపల తోసి తుడిచే గుడ్డముక్కలు) తెల్లగా వస్తాయి, రాగి మాత్రం బ్యారెల్ లోపలి గాడుల్లో అలాగే కూర్చుంటుంది. ఇప్పటికీ ఈ సీసా నా బల్ల మీద ఉంది, .22 కోసం.

తర్వాత అమోనియా మందుల కాలం. స్వీట్స్ 7.62 వీటిలో పేరున్నది. అమోనియా, గాలిలోని ఆక్సిజన్ కలిసి రాగిని కరిగించి ముదురు నీలం ద్రావణంగా మారుస్తాయి. ప్యాచ్ మీద కనిపించే నీలం అదే. ఇవి చాలా వేగంగా పనిచేస్తాయి, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ మూత తీయగానే కళ్లు మండుతాయి, పైగా బ్యారెల్లో పదిహేను నిమిషాలకు మించి ఉంచొద్దనేది వీటి విషయంలో అందరికీ తెలిసిన నియమం. గడియారం పెట్టుకుని కూర్చోవాలి. ఫోన్ వచ్చిందని లేచి వెళ్లే మనిషికి ఇది సరిపడదు. నేను సరిగ్గా అలాంటి మనిషిని.

అప్పట్లో బోర్ గైడ్ దండగ ఖర్చు అనుకునేవాణ్ణి. ఛాంబర్ (తూటా కూర్చునే చోటు) వైపు నుంచి కడిగే రాడ్ తిన్నగా పోవడానికి పెట్టే గొట్టం అది, ఇంకేముంది అనుకున్నాను. ఒకరోజు అమోనియా మందు రెండు మూడు చుక్కలు వెనక్కి కారి, యాక్షన్ (బోల్ట్ కదిలే భాగం) కింద నుంచి చెక్క స్టాక్ మీదకు దిగాయి. నేను చూసుకోలేదు. పొద్దున లేచి చూస్తే వేలెడంత మేర వార్నిష్ తెల్లగా పొక్కి, గోటితో గీకితే లేచి వస్తోంది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. ఆ వారమే బోర్ గైడ్ కొన్నాను.

అక్కడి నుంచి అమోనియా లేని వాటి వైపు వెళ్లాను. బోర్ టెక్ ఎలిమినేటర్ నాకు బాగా నచ్చింది: వాసన దాదాపు లేదు, మసినీ రాగినీ రెండిటినీ పట్టుకుంటుంది, గడియారం భయం లేదు. కానీ దీంతోనే నేను జీవితంలో పెద్ద పిచ్చి పని చేశాను. మొత్తం ఆర్నెల్లు.

ఎన్ని ప్యాచ్‌లు తోసినా నీలమే. ఇరవై ప్యాచ్‌లు, ముప్పై ప్యాచ్‌లు, తుడిచే కొద్దీ చెలమలో నీళ్లూరినట్టు నీలం ఊరుతూనే ఉంది. బ్యారెల్ పాడైపోయిందేమో అనుకున్నాను. మా రేంజ్‌లో ఒక పెద్దాయన ఉంటారు, మాటలు తక్కువ. నా పక్కన కుప్పగా పడున్న ప్యాచ్‌లను కాసేపు చూసి, "అబ్బాయ్, నువ్వు కడుగుతున్నది బ్యారెల్‌ని కాదు, జాగ్‌ని" అన్నారు.

"అదేంటి సార్?"

"ఆ జాగ్ దేంతో చేశారు?"

రాడ్ చివర ప్యాచ్‌ను పట్టుకునే ముక్కే జాగ్. నాది ఇత్తడితో చేసింది. ఇత్తడిలో ఎక్కువ భాగం రాగే. ఇంటికొచ్చి, మందులో తడిపిన కొత్త ప్యాచ్‌ను జాగ్‌కు చుట్టి, బ్యారెల్లో పెట్టకుండా సాసర్‌లో ఉంచాను. పది నిమిషాల తర్వాత విప్పితే జాగ్ మీద గాడులు ఎలా ఉన్నాయో అలాగే, గళ్లు గళ్లుగా, నీలం అచ్చు పడి ఉంది ప్యాచ్ మీద. ఆర్నెల్లుగా నేను చూసిన నీలంలో సగం అదే. కంచు బ్రష్ సంగతీ అంతే, దాన్లోనూ రాగే. ఆ మర్నాడు అల్యూమినియం జాగ్, నైలాన్ బ్రష్ తెప్పించాను. అప్పటి నుంచి ప్యాచ్ నీలంగా వస్తే అది బ్యారెల్ చెప్పిన మాటే.

ప్యాచ్ తెల్లగా వచ్చిందంటే రాగి పోయినట్టేనా అంటే, అదీ చెప్పలేం. కేజీ-12 అనే మందు రాగిని గట్టిగానే లాగుతుంది, కానీ ప్యాచ్‌ను నీలంగా మార్చదు. కొత్తగా వాడేవాడు ఇది పనిచేయట్లేదని పారేస్తాడు. నేనూ దాదాపు పారేసేవాణ్ణే. లోపల చూసుకోవడానికి బోర్‌స్కోప్ కొన్నాక గానీ ఈ రంగుల గొడవ తీరలేదు. ఫోన్‌కు తగిలించుకునే సన్న కెమెరా చాలు. అయితే దాంతో కొత్త జబ్బు ఒకటి అంటుకుంటుంది: ప్రతి చిన్న మరకా కొండంత కనిపిస్తుంది. చక్కగా గుంపు పడుతున్న (బుల్లెట్లన్నీ ఒకే చోట తగులుతున్న) బ్యారెల్‌ను కూడా మళ్లీ మళ్లీ కడగాలనిపిస్తుంది.

ఆ కెమెరాలోనే కార్బన్ రింగ్ మొదటిసారి చూశాను. ఛాంబర్ దాటగానే, రైఫ్లింగ్ (లోపలి గాడులు) మొదలయ్యే ముందు, నల్లగా నిగనిగలాడుతూ ఒక వలయం. వేడికీ ఒత్తిడికీ మసి అక్కడ పెంకులా గట్టిపడుతుంది. ఇది మందమైతే దారి ఇరుకై పీడనం పెరుగుతుంది, గుంపు కూడా చెదురుతుంది. ఎలిమినేటర్ దీని జోలికి పెద్దగా పోలేదు. హాప్పీస్‌తో రాత్రంతా నానబెట్టినా అంగుళం కదల్లేదు. మసి కోసమే చేసిన బోర్ టెక్ సీ4 తెచ్చి, అరిగిన బ్రష్‌కు ప్యాచ్ చుట్టి, సరిగ్గా ఆ చోట ఆనేలా అరగంట వదిలేశాను. తర్వాత కొత్త కంచు బ్రష్‌ను అక్కడే గుండ్రంగా తిప్పితే, బయటకొచ్చిన ప్యాచ్ మీద నల్లటి పొడి ఇసుకలా చేతికి తగిలింది. రెండోసారికి వలయం పోయింది. నా బల్ల మీద మూడో సీసా ఇదే. గరుకు పేస్టులూ ఉన్నాయి, జేబీ పేస్టు లాంటివి. అవి మందు కాదు, రుద్దుడు. ఏడాదికోసారి కూడా తీయను.

నురగ డబ్బా గురించి చెప్పాలి. వైపౌట్ లాంటివి నురగలా బ్యారెల్ నిండా పట్టి, రాత్రంతా పనిచేస్తాయి. బద్ధకస్తుల మందు, అందుకే నాకిష్టం. ఒక్క జాగ్రత్త: బ్యారెల్ మూతి కాస్త కిందికి వంచి పెట్టాలి. లేకపోతే నురగ కరిగి వెనక్కి, ట్రిగ్గర్ దాకా వస్తుంది. ఛాంబర్ వైపు నుంచి కొడుతున్నప్పుడు అటు చివర ఒక పాత గుడ్డ కట్టండి. నేను కట్టలేదు. గోడకు నీలం మరక.

ఎడ్స్ రెడ్ అనే ఇంటి తయారీ మందు రెండేళ్లు వాడాను. ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ (ఆటోమేటిక్ కార్ల గేర్‌బాక్స్‌లో పోసేది), కిరోసిన్, మినరల్ స్పిరిట్, అసిటోన్, నాలుగూ సమపాళ్లు. మసికి బ్రహ్మాండం, రాగికి సున్నా. అసిటోన్ ప్లాస్టిక్‌నూ వార్నిష్‌నూ తినేస్తుంది, పైగా ఇట్టే అంటుకునే సరుకు, కాబట్టి ఇంట్లో పెట్టుకోవడం మానేశాను. శుభ్రం, లూబ్రికేషన్, తుప్పు రక్షణ మూడూ చేస్తామనే సీఎల్‌పీలు రేంజ్‌లో పైపైన తుడవడానికి సరే, లోతైన మురికికి వాటి మీద ఆశ పెట్టుకోకండి.

పాత మిలటరీ మందుగుండు కాల్చేవాళ్లకు ఇంకో మాట. ఆ ప్రైమర్లలో (తూటా అడుగున నిప్పు రాజేసే ముక్కల్లో) పొటాషియం క్లోరేట్ ఉంటే, కాలాక పొటాషియం క్లోరైడ్ అనే ఉప్పు మిగులుతుంది. అది తేమను పీల్చి ఇనుమును తినేస్తుంది. నూనెలో కరగదు, నీళ్లలోనే కరుగుతుంది. వేడినీళ్లు పోసి, పొడిగా తుడిచి, ఆ తర్వాతే నూనె. బలిస్టాల్‌ను నీళ్లలో కలిపితే పాలలా తెల్లగా కలిసిపోతుంది, అదీ పనికొస్తుంది.

ఇంట్లో దొరికేవి కలిపి ప్రయోగాలు చేయొద్దు. అమోనియాకు బ్లీచ్ తగిలితే విషవాయువు వస్తుంది. సీసం పోవడానికి వెనిగర్‌లో హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపే చిట్కా తిరుగుతుంటుంది. అది సీసాన్ని కరిగించి ఒంటికి పట్టే విషం చేస్తుంది. ఒక మందు నుంచి ఇంకో మందుకు మారేటప్పుడు మధ్యలో పొడి ప్యాచ్‌లతో పూర్తిగా తుడవండి. కిటికీ తెరవండి, చేతికి నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

ఇప్పుడు నా పద్ధతి ఇదీ. ముందు ఛాంబర్ ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి, బోల్ట్ తీసేస్తాను. సీ4తో తడిపిన రెండు ప్యాచ్‌లు, పది నిమిషాల ఆగుడు, పొడి ప్యాచ్. తర్వాత ఎలిమినేటర్, నైలాన్ బ్రష్‌తో పది సార్లు, మళ్లీ ఆగుడు. పని చేసేది మందు, చేతులు కావు. ఈ మధ్యలో టీ తాగుతాను. ప్యాచ్‌ను సీసాలో ముంచను, డ్రాపర్‌తో దాని మీదే వేస్తాను, లేకపోతే సీసా అంతా మురికవుతుంది. రాగి మరీ ఎక్కువుంటేనే నురగ. చివర్లో పలచగా నూనె, రేంజ్‌కు వెళ్లేముందు దాన్నీ తుడిచేస్తాను, ఎందుకంటే నూనె ఉన్న బ్యారెల్ మొదటి బుల్లెట్‌ను వేరే చోట పెడుతుంది. కడిగిన తర్వాత నా .308 మూడు నాలుగు రౌండ్లకు కుదురుకుంటుంది. .22కి పది, ఒక్కోసారి పదిహేను.

ఆ ఇత్తడి జాగ్‌ను పారేయలేదు. .22కి అదే వాడుతున్నాను, హాప్పీస్‌తో. ఎలిమినేటర్ సీసాను మాత్రం దాని దరిదాపుల్లో పెట్టను.