నక్కలగుట్ట ట్యాక్స్ కన్సల్టెంట్ ఆఫీసు: మా తోడు సర్వీసుకు కాగితాలు చేయించుకున్నంక

ఈ ఆఫీసుకు ఐదుకు నాలుగు స్టార్లు ఇస్తున్న. ఒకటి ఎందుకు తగ్గించిన్నో కింద చెప్త.

మాది పెద్ద వ్యాపారం కాదు. పిల్లలు అమెరికాల, హైదరాబాద్‌ల ఉండి, హన్మకొండల, వరంగల్‌ల ఒంటరిగ ఉన్న పెద్దమనుషులకు తోడుపోవుడు మా పని. దవాఖానకు తీసుకపోతం, ఓపీ చీటీ రాయిస్తం, పరీక్షలు చేయిస్తం, డాక్టర్ చెప్పింది విని కొడుక్కో బిడ్డకో ఫోన్ చేసి చెప్తం, మందులు కొని మళ్ల ఇంట్ల దించుతం. వరంగల్ ఎంజీఎం దవాఖానకైనా సరే, కాజీపేటల రైలెక్కి హైదరాబాద్ నిమ్స్‌కైనా సరే. నేను, మా ఆడబిడ్డ కలిసి చూసుకుంటం. ఎనిమిది మంది ఆడవాళ్లు రోజు లెక్కన పనికి వస్తరు. అందరూ ఇంతకుముందు దవాఖానల్ల ఆయాలుగ చేసినోళ్లే.

రిజిస్ట్రేషన్ అవసరం ఎట్ల పడ్డదంటే, ఒక ప్రైవేటు దవాఖానోళ్లు డిశ్చార్జ్ అయిన పేషెంట్లను ఇంటిదాక దించే పని ఇస్తమన్నరు. కానీ బిల్లు కావాలె, సర్వీసు పేరు మీద బ్యాంకు ఖాతా ఉండాలె అన్నరు. ముందు ఒక నెట్ సెంటర్‌ల అడిగితే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం సర్టిఫికెట్‌కే 2,000 అడిగిండు. ఈ ఆఫీసు సార్ దగ్గరికి పోతే మొదలు చెప్పిన మాట, "ఉద్యంకు ప్రభుత్వం ఒక్క పైస తీసుకోదమ్మా. ఆధార్, పాన్ ఉంటే అయిపోతది. అట్లనే కనవడే ప్రైవేటు వెబ్‌సైట్లు చాన ఉన్నయి, వాటిల కట్టకుండ్రి." అని తన ముందరనే చేయించిన్రు. దానికి ఫీజు వేయలేదు.

అందుల పని కోడ్ ఒకటి ఎంచుకోవాలె. నెట్ సెంటర్ అబ్బాయి 9609 పెడదామన్నడు. ఎస్కార్ట్ సర్వీసులు, పెళ్లిళ్ల బ్యూరోలు అన్నీ ఆ గుంపులనే వస్తయి. సార్ వద్దన్నరు. వృద్ధులకు, దివ్యాంగులకు వాళ్ల ఇంటికే పోయి చేసే సేవలకు 8810 ఉన్నది, మీరు చేసేది అదే కాబట్టి అదే పెట్టాలన్నరు. ఆడవాళ్లను పైసలకు బయటి మనుషుల వెంట పంపుతున్నరంటే ఎవరికైనా అనుమానం వస్తది, 1956 నాటి వ్యభిచార నిరోధక చట్టం కింద కేసు పెట్టే పోలీసాయనకు మీ బిల్లే జవాబు చెప్పాలె అని, బిల్లు నమూనా తనే గీసిచ్చిన్రు. పేషెంట్ పేరు, ఏ దవాఖాన, ఏ విభాగం, పోయిన టైం, వచ్చిన టైం, వెంట పోయిన మనిషి పేరు, ఇంటోళ్ల సంతకం. మా ఆడవాళ్ల మర్యాద కాపాడే కాగితం అది. ఇంత దూరం ఆలోచించే కన్సల్టెంట్‌ను నేను వేరే చూడలే.

ఇగ అసలు సంగతి. ఫారాలు ముట్టుకోకముందే సార్ అడిగింది ఒకటే. "పైసలు ఎవరి చేతికొస్తయి, ఎవరి చేతికి పోతయి?" మేం ఇంటోళ్ల దగ్గర రోజుకు 900 తీసుకుంటం, పోయినామెకు 700 ఇస్తం. మరి మా వ్యాపారం 900లదా, 200లదా? ఈ ఒక్క ప్రశ్న మీదనే గంటసేపు కూసున్నం.

200 మాత్రమే మాది, మిగిలింది ఆమెది అని రాసుకుంటే అది కమీషన్ కిందికి వస్తది. కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ పనులకు ఆదాయపు పన్నుల 44ఏడీ వర్తించదు. ఆ సెక్షన్ చిన్న వ్యాపారాలకు పెద్ద సౌకర్యం. వచ్చిన మొత్తంల బ్యాంకు ద్వారా, ఫోన్‌పేల ద్వారా వచ్చిన దాని మీద కనీసం 6 శాతం, నగదు మీద 8 శాతం లాభంగ చూపిస్తే చాలు, ఖర్చుల పుస్తకాలు అడగరు. 900 మొత్తం మాదే అనుకుంటే ఆ సౌకర్యం దొరుకుతది. కానీ అప్పుడు జీఎస్టీ దగ్గరికి వస్తది. ఎనిమిది మంది, నెలకు తలా 20 రోజులు అనుకుంటే ఏడాదికి 17,28,000. సేవలకు జీఎస్టీ గీత 20 లక్షలు. ఇంకిద్దరిని పెట్టుకుంటే 21,60,000, గీత దాటినట్టే. దాటితే 18 శాతం, అంటే ఇంటోళ్లకు 900 కాస్త 1,062 అయితది. వాళ్లు మామూలు కుటుంబాలు, ఆ పన్నును ఎక్కడా తిరిగి తీసుకోలేరు. డాక్టర్లకు, దవాఖానలకు, పారామెడికల్ వాళ్లకు వైద్య సేవల మీద ఉన్న మినహాయింపు మా తోడు పనికి రాదని కూడ అప్పుడే చెప్పిన్రు.

మా ఆడబిడ్డ, "అయితే కమీషన్ అనే రాద్దాం సార్" అన్నది. దానికి ఆయన, "ఫోన్ మీకొస్తది, మనిషిని మీరు పంపుతరు, ఏదన్న అయితే ఇంటోళ్లు మిమ్మల్నే అడుగుతరు. అప్పుడు 900 మీదే అమ్మా. కాగితం ఒక తీరు, పని ఒక తీరు ఉండొద్దు" అన్నరు. నాకు ఆ మాట మస్తు నచ్చింది. ఉన్నది ఉన్నట్టు రాసి, 20 లక్షల లోపల ఎట్ల నడవాలె, దాటే ముందు ఏం చేయాలె అని ముందే చెప్పిన్రు. దాటితే సేవలకు 6 శాతం కాంపోజిషన్ (చిన్న వ్యాపారాలు తక్కువ రేటుల జీఎస్టీ కట్టే) పద్ధతి ఉన్నదట, 50 లక్షల దాక. దాంట్ల ఆ పన్ను ఇంటోళ్ల దగ్గర విడిగ వసూలు చేయొద్దు, మన దాంట్లకెల్లి కట్టాలె. రోజు మీద 54 రూపాయలు. మేం భరించగలం.

పదిమంది అయినప్పుడు ఇంకొకటి కూడ మొదలైతది, పనిచేసేటోళ్ల వైద్య బీమా అయిన ఈఎస్‌ఐ. మన వైపు నుంచి 3.25 శాతం, పనిచేసే వాళ్ల జీతంల 0.75 శాతం. ఇది ఖర్చు అని నేను అనుకోను. మా దగ్గర పనిచేసే ఆడవాళ్లు రోజూ దవాఖానల్లనే తిరుగుతరు, వాళ్లకు జబ్బు చేస్తే చూపించుకునే దిక్కు ఉండాలె గద.

ఇద్దరం కలిసి పార్ట్‌నర్‌షిప్ పెడదామనుకున్నం. దానికి ఆదాయపు పన్ను స్లాబులు లేవు, పార్ట్‌నర్ల జీతాలు తీసినంక మిగిలిన లాభం మీద మొదటి రూపాయి నుంచే 30 శాతం అని చెప్పి, నా పేరు మీద సొంత సంస్థగ పెట్టించి, మా ఆడబిడ్డకు జీతం రాయించిన్రు. కార్మిక శాఖల షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ ఆన్‌లైన్ల చేసిన్రు, కిరాయి అగ్రిమెంట్ అడిగిన్రు. ఉద్యం, ఈ సర్టిఫికెట్ రెండూ చూపిస్తే బ్యాంకుల కరెంట్ ఖాతా తెరిచిన్రు. మా వాళ్లకు నెలకు 14,000 కన్న దాటదు కాబట్టి వృత్తి పన్ను కోత లేదు. 15,000 దాటి 20,000 దాక ఉన్నోళ్లకు నెలకు 150 పట్టి కట్టాలె.

2024-25 రిటర్ను కూడ వీళ్లే వేసిన్రు. 6 శాతం లెక్క చూపిస్తే లక్ష చిల్లర వస్తది, కానీ మాకు అంతకన్న ఎక్కువే మిగిలింది. ఎక్కువ మిగిలితే ఎక్కువే చూపాలె, 6 అనేది కింది గీత మాత్రమే అని చెప్పి అసలు లెక్కే రాసిన్రు. అయినా పన్ను పడలేదు. దవాఖానోళ్లు మా బిల్లుల్ల 1 శాతం టీడీఎస్ (ముందే కోసుకునే ఆదాయపు పన్ను) పట్టిన్రు, అది రిఫండ్ వచ్చింది. రేపు వ్యాన్ లోన్‌కు బ్యాంకుకు పోతే ఈ రిటర్నే చూపిస్తం.

ఇంకో ముఖ్యమైన సంగతి. చాలా చోట్ల ట్యాక్స్ పోర్టల్‌ల వాళ్ల సొంత మొబైల్ నంబరు, మెయిల్ పెట్టుకుంటరు. మనం వేరే చోటికి పోదామంటే పాస్‌వర్డ్ కోసం వాళ్ల చుట్టు తిరగాలె. ఇక్కడ అట్ల కాదు. అన్నీ నా నంబరు మీదనే పెట్టిన్రు, ఓటీపీ నాకే వస్తది. చదువు అంతగ లేకున్నా మన ఖాతా మన చేతిల ఉండాలని పట్టుబట్టి నాతోనే లాగిన్ చేయించిన చెల్లె ఉన్నది అక్కడ, ఆమె ఓపికకు దండం.

ఒక స్టార్ తగ్గించింది దేనికంటే, జూలైల ఫోన్ ఎత్తరు. రిటర్నుల గడువు 31 తారీఖు దగ్గరవడుతుంటే మెట్ల మీద కూడ మనుషులే. ఆ మెట్లు కూడ ఎత్తు, లిఫ్ట్ లేదు, మోకాళ్ల నొప్పులున్నోళ్లకు కష్టం. సార్ సెక్షన్ నంబర్లతోనే మాట్లాడుతరు, ఆపి అడిగితేనే విడమరిచి చెప్తరు. ఆపి అడగండ్రి, కోపం చేయరు.

మొదటి సెటప్ అంతటికీ 3,500, రిటర్నుకు 1,500 తీసుకున్నరు, రెండింటికీ రసీదు ఇచ్చిన్రు. పోయేటప్పుడు ఆధార్, పాన్, కిరాయి అగ్రిమెంట్, కరెంటు బిల్లు, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్ పట్టుకపోండ్రి. పొద్దున 11కు ముందు పోతే కూసోబెట్టి మాట్లాడుతరు. ఆదివారం బంద్.