డ్రాలో తగిలిన వైన్‌షాపును ‘గుడ్‌విల్’ ఇచ్చి కొంటున్నారా? ఆగండి

తెలంగాణలో ఏ4 దుకాణాలకు (మద్యం చిల్లరగా అమ్మే వైన్‌షాపులు) డ్రా తీసిన సాయంత్రానికే బేరాలు మొదలవుతాయి. టోకెన్ తగిలినవాడి చేతిలో ఎక్సైజ్ పన్ను వాయిదా డబ్బు ఉండదు, డబ్బున్నవాడికి టోకెన్ తగలదు. 2025-27కు 2,620 దుకాణాలుంటే 95 వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఒక్కో దరఖాస్తుకు ఫీజు 3 లక్షలు, తగలకపోతే అంతే సంగతులు. అలా పోగొట్టుకున్న కసిలోనే చాలామంది ఈ బేరంలో దిగుతారు.

బేరం తీరు దాదాపు ఎక్కడైనా ఒకటే. దుకాణం వదులుకున్నందుకు గుడ్‌విల్ కింద పెద్ద మొత్తం నగదు, స్టాంపు పేపరు మీద ‘భాగస్వామ్య ఒప్పందం’, పైన మీ పేరున ఒక నౌకర్నామా. ఈ నౌకర్నామా చూసుకునే కొనేవాళ్లు ధైర్యపడతారు. అది దుకాణంలో పనిచేసే మనిషికి పుట్టించే కాగితం. కోటి పోసి కౌంటర్లో కూర్చున్న ఓనరు రికార్డుల్లో సేల్స్‌మన్!

ఎక్సైజ్ శాఖ అనుమతి లేకుండా లైసెన్సు ఇంకొకరికి బదిలీ కాదు. ఆ షరతును దాటి రాసుకున్న భాగస్వామ్యం చెల్లదని 1950లోనే వేలు పడయాచి కేసులో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచ్ తేల్చింది, తర్వాత బిహారీలాల్ జైస్వాల్ కేసులో సుప్రీంకోర్టూ అదే దారి పట్టింది. అంటే రేపు లైసెన్సీ అడ్డం తిరిగితే ఆ స్టాంపు పేపరు మిమ్మల్ని కాపాడదు. నగదుకు రసీదు కూడా రాదు. 2 లక్షలు, ఆపైన నగదుగా పుచ్చుకుంటే పుచ్చుకున్నవాడికే అంత మొత్తం జరిమానా పడుతుంది, మరి రాసెందుకిస్తాడు?

అడ్డం తిరిగేది కూడా మొదటి నెలలో కాదు, గిరాకీ ఎంతో తెలిశాక. మద్యం డిపోలో ఇండెంటు (సరుకు ఆర్డరు) లైసెన్సీ పేరునే పడాలి. స్వైప్ మిషన్, క్యూఆర్ డబ్బు చేరేదీ చాలాచోట్ల అతని ఖాతాకే. ఇండెంటు ఆగితే బీరు రెండు మూడు రోజుల్లో ఖాళీ. అప్పుడొస్తుంది ఫోను: ‘అన్నా, ఇంకో పది సర్దు.’ సర్దుతారు, ఇంకేం చేస్తారు.

బేరానికి ముందు లెక్క వేసుకోండి. 50 వేల నుంచి లక్ష జనాభా ఉన్నచోట ఎక్సైజ్ పన్ను ఏడాదికి 60 లక్షలు, ఆరు వాయిదాలు, వాయిదాకు 10. ఏటా ప్రత్యేక పన్ను 5 లక్షలు వేరే. రెండేళ్లకు 1.30 కోట్లు. గుడ్‌విల్, అద్దె, సరుకు పెట్టుబడి దీని మీద. ‘మొదటి వాయిదా కట్టేశా’ అంటే చలానా అడగండి, గెజిట్‌లో దుకాణం నంబరుతో సరిచూడండి.

ఆ నంబరు గౌడ (15 శాతం), ఎస్సీ (10), ఎస్టీ (5) కోటాలోదైతే అసలు ముట్టుకోకండి. బినామీ అని తేలితే లైసెన్సుకే ఎసరు, మీ డబ్బు దాంతోపాటే.

భాగస్వామిగా మీ పేరు చేర్చినట్టు శాఖ రాతపూర్వక ఉత్తర్వు చేతికొచ్చాకే డబ్బు కదపండి, అదీ బ్యాంకు ద్వారానే. శాఖకిచ్చే బ్యాంకు గ్యారంటీకి పెట్టే ఎఫ్‌డీ సొమ్ము మీదైతే ఎఫ్‌డీ కూడా మీ పేరునే ఉండాలి. లైసెన్సీ పేరున వేస్తే, లైసెన్సు గడువు తీరే 2027 నవంబరు 30 తర్వాత గ్యారంటీ విడుదలైనా ఆ సొమ్ము అతని ఖాతాలోకే పోతుంది.