పాత సైక్లోక్రాస్ బైక్ కొంటున్నారా? ఒక సీజన్ తొక్కాక నా కోనా జేక్ ద స్నేక్ గురించి

బైక్ వివరాలు ముందు చెప్పేస్తాను. కోనా జేక్ ద స్నేక్, 2011 మోడల్, 54 సైజు. అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్కు, క్యాంటిలీవర్ బ్రేకులు (రిమ్మును రెండు పక్కలా రబ్బర్లతో పట్టే పాత రకం), షిమానో 105 గేర్లు, వెనక పది పళ్లచక్రాలు, ముందు రెండు (46, 36 పళ్లవి). పోయిన ఫిబ్రవరిలో బీవర్టన్‌లో ఒక రేసర్ దగ్గర 450 డాలర్లకు తీసుకున్నాను. ఆ తర్వాత ఇంకో 170 దాకా ఖర్చయింది, దేనికో కింద చెప్తాను. దాని మీద ఒక పూర్తి సీజన్ రేసులు చేశాను. మొదటిసారి రేసు చేయాలనుకునేవాళ్లకు ఇలాంటి బైకే సరైనదని గట్టిగా నమ్ముతున్నాను.

నేనుండేది అమెరికాలో, ఒరెగాన్‌లోని పోర్ట్‌ల్యాండ్ పక్కన హిల్స్‌బరోలో. మనవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, వారాంతం వస్తే క్రికెట్టో ట్రెయిలో అంటారు, సైక్లోక్రాస్ అంటే మాత్రం అదేం రేసు అని అడుగుతారు. చూడ్డానికి రోడ్ బైక్ లాగే వంగిన హ్యాండిల్, కానీ టైర్లకు పళ్లుంటాయి. గడ్డి, బురద, ఇసుక మీద చిన్న చిన్న రౌండ్లు. మధ్యలో అడ్డంగా చెక్కలు పెడతారు, అంతర్జాతీయ రూల్ ప్రకారం 40 సెంటీమీటర్ల ఎత్తు దాకా ఉండొచ్చు, అక్కడ దిగి బైక్ ఎత్తుకుని దూకాలి. మెట్లొస్తే భుజాన వేసుకుని పరుగెత్తాలి. బిగినర్స్ రేసు ముప్పావు గంట కూడా ఉండదు గానీ, దిగేసరికి ఊపిరి అందదు. మా వైపు శరదృతువులో క్రాస్ క్రూసేడ్ అనే సిరీస్ జరుగుతుంది, అందులో కొత్తవాళ్లకు వేరే కేటగిరీ ఉంది.

దీనికంటే ముందు చూసిన బైక్ గురించి చెప్పకపోతే ఈ రివ్యూ సగమే అవుతుంది. అది కార్బన్ ఫ్రేమ్, డిస్క్ బ్రేకులు, ట్యూబులర్ చక్రాలు (టైరును రిమ్ముకు జిగురుతో అతికించేవి), 900 డాలర్లు, ఫొటోల్లో తళతళలాడుతోంది. "రెండు సీజన్లే తొక్కాను, మైళ్లు అసలు లేవు" అన్నాడు అమ్మేవాడు. నిజమే అయ్యుండొచ్చు. చైను తీసి పక్కన పెట్టి క్రాంకు (పెడల్ బిగించే చెయ్యి) చేత్తో తిప్పి చూశాను, లోపల ఇసుక నములుతున్నట్టు కరకరమంది. సీటు పోస్టు బోల్టు వదులు చేసి ఇద్దరం పట్టుకుని మెలిపెట్టినా కదల్లేదు. చైను స్టేల (వెనక చక్రానికి రెండు పక్కలా వెళ్లే ఫ్రేము గొట్టాల) లోపలి వైపు, టైరు పక్కన, బురద రాసుకుని రాసుకుని పెయింట్ పోయి కింద కార్బన్ నూలుపోగులు కనిపిస్తున్నాయి. ప్రతి రేసు తర్వాత ప్రెషర్ వాషర్‌తో కడిగేవాడట, ఆ మాట గొప్పగా చెప్పాడు. ఆ నీళ్ల ఒత్తిడికి బురద బయటికి పోదు, సీళ్లు దాటుకుని బేరింగుల్లోకి దూరుతుంది, గ్రీజును కడిగేస్తుంది.

కాబట్టి క్రాస్ బైక్ ఎన్ని మైళ్లు తిరిగిందని అడిగి లాభం లేదు. ఎన్ని తడి రేసులు చేసింది, ఆ తర్వాత దాన్ని ఎవరు ఎలా చూసుకున్నారు అన్నదే అడగాలి. రోడ్ బైక్ అయిదు వేల మైళ్లలో అరిగేంత, ఇది పది బురద రేసుల్లో అరిగిపోతుంది.

జేక్ అమ్మిన పెద్దాయన దగ్గర కథ వేరేలా జరిగింది. నేను అడగకముందే సీటు పోస్టు బయటికి లాగి, బైక్ తలకిందులుగా పట్టుకున్నాడు, లోపల నీళ్లు లేవని చూపించడానికి. పోస్టు మీద పల్చటి గ్రీజు పొర కనిపించింది. ముందు చక్రం నేల నుంచి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే ఎక్కడా పట్టేయలేదు. లోపాలు కూడా ఆయనే వరసగా చెప్పాడు: చైను అరిగింది, వెనక బ్రేక్ రబ్బర్లు అయిపోయాయి, కేబుళ్లు మార్చుకుంటే మంచిది. తన లోపాలు తనే చెప్పే మనిషి దొరికితే బేరం ఎక్కువ ఆడకండి. నేను 500 నుంచి 50 తగ్గించమన్నాను, సరేనన్నాడు. ఫ్రేము కింద, పెడల్ ఇరుసు దగ్గర ఉండే సీరియల్ నంబరు బైక్ ఇండెక్స్ సైట్‌లో కొట్టి దొంగ బైక్ కాదని చూసుకున్నాకే డబ్బులిచ్చాను. అది ఉచితం, రెండు నిమిషాల పని, దయచేసి మానకండి.

ఇక క్యాంటిలీవర్ బ్రేకుల సంగతి, అందరూ భయపెట్టేది దీని గురించే. అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం యూసీఐ సైక్లోక్రాస్‌లో డిస్కులను అనుమతించింది 2010లో, అప్పట్నుంచి మెల్లగా అందరూ వాటికి మారిపోయారు. దాంతో క్యాంటిలీవర్ బైకులు ఎవరికీ అక్కర్లేక ధర పడిపోయింది, మనకు కావలసిందీ అదే. 2013లో ప్రపంచ చాంపియన్‌షిప్ మొదటిసారి యూరప్ దాటి అమెరికాలోని లూయివిల్‌లో జరిగినప్పుడు గెలిచిన స్వెన్ నైస్ కూడా ఈ బ్రేకుల మీదే గెలిచాడు. అలాగని డిస్కుల్లా ఆగుతాయని చెప్పను, ఆగవు. తడిలో లివర్ నొక్కాక చక్రం ఒక రౌండు తిరిగేదాకా పట్టు దొరకదు, మొదటి నెల నాకు దిగుడు వస్తే చాలు టెన్షన్. పైగా గట్టిగా పట్టినప్పుడు ఫోర్కు డగడగా వణికేది. ఈ రకం బ్రేకులున్న చాలా బైకుల్లో ఉండే జబ్బే అది. కేబుల్ ఆపే కొక్కెం పైన హ్యాండిల్ దగ్గర ఉంటే బ్రేక్ పట్టినప్పుడు ఫోర్కు వెనక్కి వంగి కేబుల్ ఇంకా బిగుసుకుంటుంది, చక్రం జారగానే వదులవుతుంది, అదే వణుకు. ఆ కొక్కాన్ని ఫోర్కు మీదికే మార్చే చిన్న భాగం దొరుకుతుంది, అది వేశాక పూర్తిగా పోయింది. బ్రేక్ రబ్బర్ల ముందు అంచు రిమ్ముకు కాస్త ముందుగా తగిలేలా పెట్టుకుంటే కీచుమనే చప్పుడు కూడా తగ్గింది.

ఈ కాలం బైకులో ఇంకో సుఖం చక్రాలు. వెనక చక్రం కూర్చునే సందు 130 మిల్లీమీటర్ల వెడల్పు, క్విక్ రిలీజ్ (మీట తిప్పితే చక్రం ఊడొచ్చే ఏర్పాటు), అంటే పాత రోడ్ బైకుల చక్రాలే పడతాయి. నేను 60 డాలర్లకు రెండో జత కొని వేరే టైర్లు వేసి పిట్‌లో (రేసు మధ్యలో చక్రం మార్చుకునే చోట) పెట్టుకుంటున్నాను (ఇది పైన చెప్పిన లెక్కలో లేదు). రిమ్ము వెడల్పు మాత్రం రెండు జతలకూ దగ్గరగా ఉండాలి, లేకపోతే చక్రం మార్చిన ప్రతిసారీ బ్రేకులు సర్దుకోవాలి. డిస్క్ బైక్ కొనేవాళ్లు ఇక్కడ జాగ్రత్త పడాలి: మొదట్లో 135 క్విక్ రిలీజ్ వచ్చింది, తర్వాత 142 త్రూ యాక్సిల్ (ఫ్రేములోంచి దూర్చి బిగించే ఇరుసు), ముందు చక్రానికి కొన్నింటికి 15 మిల్లీమీటర్ల ఇరుసు, కొన్నింటికి 12. మధ్యలో వచ్చిన బైకులకు చక్రాలు వెతుక్కోవడం పెద్ద పని. ట్యూబులర్ చక్రాలతో వచ్చే బైక్ అయితే కొత్తవాళ్లు వదిలేయండి, టైరు రిమ్ముకు జిగురు పెట్టి అతికించడం, ఊడిందా లేదా చూసుకోవడం, ఇవన్నీ మొదటి ఏడాదికి అనవసరం.

170 డాలర్లు దేనికంటే చైను, క్యాసెట్ (వెనక పళ్లచక్రాల సెట్టు), కేబుళ్లు, బ్రేక్ రబ్బర్లు, ఆ చిన్న కొక్కెం, ఒక జత 33 మిల్లీమీటర్ల టైర్లు, ఒక స్పేర్ డిరెయిలర్ హ్యాంగర్ (వెనక గేరు మార్చే యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే చిన్న ముక్క). అన్నీ నేనే బిగించుకున్నాను, షాపులో ఇస్తే ఇంకో వంద అయ్యేది. హ్యాంగర్ సంగతి మర్చిపోవద్దు. బైక్ కుడివైపు పడిందంటే ముందు వంగేది అదే, ఒక్కో ఫ్రేముకు ఒక్కో ఆకారం, ఆదివారం పొద్దున రేసు దగ్గర ఎవరి దగ్గరా దొరకదు. మన బజెట్‌లో టైర్లకు డబ్బు మిగలాలి. నా అనుభవంలో ఫ్రేము కంటే ఎక్కువ తేడా చూపించింది టైర్లే, వాటిలో గాలే. నా బరువు 70 కిలోలు, మొదటి రేసుకు 50 పీఎస్‌ఐ పెట్టుకుని వెళ్తే ప్రతి మలుపులో జారిపోయాను. 36కి తగ్గించాక అదే గడ్డి మీద బైక్ నేలను పట్టుకుని తిరిగింది. ట్యూబు కాబట్టి ఇంతకంటే తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య నలిగి పంక్చరవుతుంది, ట్యూబ్‌లెస్ ఉన్నవాళ్లు ఇంకా కిందికి వెళ్తారు.

అసలు ఈ బైక్ మీద నాకు ప్రేమ కుదిరింది నవంబర్‌లో, పోర్ట్‌ల్యాండ్ ఇంటర్నేషనల్ రేస్‌వే పక్కన జరిగిన రేసులో. రాత్రంతా వాన. మాది నంద్యాల వైపు, తడిసిన నల్లరేగడిలో సైకిల్ తోసుకుంటూ వెళ్లడం అంటే ఏమిటో తెలుసు, పది అడుగులకోసారి ఆగి మడ్‌గార్డులో ఇరుక్కున్న మట్టిని పుల్లతో గీకాలి. ఇక్కడి బురదలో గడ్డి కూడా కలుస్తుంది, పేడా వరిగడ్డీ కలిపి తొక్కినట్టు ముద్దలు కట్టి చక్రానికి చుట్టుకుంటుంది. నా ముందున్న ఇద్దరి చక్రాలు పట్టేసి దిగి చేత్తో పీక్కుంటున్నారు. జేక్‌లో టైరుకూ ఫ్రేముకూ మధ్య నా వేలు పట్టేంత సందుంది, ముద్దలు అందులోంచి జారి కింద పడిపోయాయి, చక్రం తిరుగుతూనే ఉంది. మెట్ల దగ్గర భుజాన వేసుకున్నప్పుడు కూడా, కేబుళ్లు పైగొట్టం మీదుగా వెళ్తాయి కాబట్టి కింద నున్నగా ఉండి భుజానికి గుచ్చుకోలేదు. ఆ రోజు చివరి నుంచి పన్నెండో స్థానం. నాకెంత సంతోషమైందో చెప్పలేను.

బరువు గురించి అడుగుతారు కాబట్టి, పెడల్స్‌తో కలిపి ఇంట్లో కాటాకి తగిలిస్తే 9.6 కిలోలు తూగింది. కార్బన్ బైకులు దీనికంటే తేలికే, మెట్ల దగ్గర తేడా తెలుస్తుంది, మిగతా చోట్ల నాకైతే తెలియలేదు. గతుకుల మీద అల్యూమినియం కాస్త గట్టిగా కొడుతుంది, గాలి తగ్గించుకుంటే అదీ సర్దుకుంటుంది.

కొనాలనుకునేవాళ్లు డిసెంబర్ చివరి నుంచి మార్చి లోపు చూడండి, సీజన్ అయిపోయి రేసర్లు కొత్త బైకుల కోసం పాతవి దించుకునే సమయం అది. ఆగస్టులో అవే బైకుల ధర రెండు మూడు వందలు ఎక్కువ ఉంటుంది. సైజు విషయంలో మాత్రం రాజీ పడకండి, ఎంత చవగ్గా వచ్చినా సరే. ఎక్కి దిగడం ఇందులో సగం పని, బైక్ పెద్దదైతే ప్రతి చెక్క దగ్గరా కాలు తగులుతుంది.

ఇప్పుడు జేక్ గరాజ్‌లో చక్రాలు విప్పి ఉంది. పెడల్ ఇరుసు బేరింగులో కొంచెం చప్పుడు మొదలైంది, ఈ వారం విప్పి కొత్తది వేస్తాను, అక్టోబర్ మొదటి రేసుకు రిజిస్ట్రేషన్ తెరవగానే నా పేరు ఇచ్చేస్తాను.