మూడు భాషలా, రెండు భాషలా?

1968లో కేంద్రం, బడిలో మూడు భాషలు నేర్పాలనే త్రిభాషా సూత్రాన్ని జాతీయ విద్యా విధానంలో పెట్టింది. అదే ఏడాది జనవరిలో అన్నాదురై ప్రభుత్వం తమిళనాడుకు తమిళం, ఇంగ్లీషు చాలని అసెంబ్లీలో తీర్మానించింది.

కాగితం మీద త్రిభాషే అందంగా ఉంటుంది. సొంత భాష, ఇంగ్లీషుతో పాటు హిందీ రాష్ట్రాల పిల్లలు మరో భారతీయ భాష, వీలైతే దక్షిణాదిది, మనవాళ్లు హిందీ నేర్చుకోవాలి. మనం మన వంతు చేశాం. ఉత్తరాదిలో చాలాచోట్ల మూడో భాషగా సంస్కృతం పెట్టి చేతులు దులుపుకున్నారు.

మన వంతూ గొప్పగా ఏం లేదులెండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పదో తరగతి హిందీకి 20 మార్కులొస్తే పాస్, మిగతావాటికి 35. రోటీ ఎందుకు స్త్రీలింగమో, పానీ ఎందుకు పుంలింగమో తెలియకుండానే వ్యాసం బట్టీపట్టి గట్టెక్కేవాళ్లం. అయినా రైల్లో బోర్డు చదవడానికి ఆ అక్షరాలే పనికొచ్చాయి.

తమిళనాడు పద్ధతిలో బడి బరువు తక్కువ. కానీ డబ్బున్నవాళ్ల పిల్లలు సీబీఎస్‌ఈ బడుల్లో హిందీ నేర్చుకుంటూనే ఉన్నారు. ఆ అవకాశం లేనిది సర్కారు బడి పిల్లలకే. ఇక తమిళనాడు సరిహద్దులోని హోసూరు తెలుగు పిల్లల సంగతి మరీ విచిత్రం. 2006 చట్టంతో తమిళం తప్పనిసరైంది. ఇంట్లో మాట్లాడే తెలుగు కూడా చదవాలంటే, ద్విభాషా రాష్ట్రంలో వాళ్లకు మూడు భాషలే!

నన్నడిగితే మూడో భాష ఉండాలి, కానీ ఏదన్నది పిల్లలే ఎంచుకోవాలి. 2020 జాతీయ విద్యా విధానం కూడా, భాషల ఎంపిక రాష్ట్రాలతో పాటు పిల్లలది కూడా అంటూ, దాదాపు ఆ మాటే అంటోంది. కోరిన భాషకు టీచరు దొరకాలి కదా, చిక్కంతా అక్కడే.