‘యాసిడ్ ఫ్రీ’ అన్న ముద్ర చూసి సయనోటైప్‌కు పేపర్ కొనేయకండి

సయనోటైప్ అంటే పేపర్‌కు ఇనుము లవణాల మందు పూసి, ఎండలో పెట్టి, నీళ్లలో కడిగి నీలం రంగు ఫొటోలు అచ్చువేసే పద్ధతి. దానికోసం 25 షీట్ల ప్యాకెట్ కొని చేతులు కాల్చుకున్నాను. మీకూ ఆ గతి పట్టకూడదని రాస్తున్నా.

చేతితో చేసిన కాటన్ పేపర్. అట్ట మీద ‘యాసిడ్ ఫ్రీ, సయనోటైప్‌కు అనుకూలం’ అని ఉంది. మొదటి షీట్‌కు కోటింగ్ వేస్తుంటేనే తేడా తెలిసింది. ఒకచోట మందు నిలవకుండా బొట్లు బొట్లుగా జారుతోంది. రెండంగుళాల అవతల ఇంకిపోయి వెనకవైపు పచ్చటి మచ్చ తేలింది. అంటే సైజింగ్ (తడి మరీ ఇంకిపోకుండా పేపర్‌కు పట్టించే జిగురులాంటి పదార్థం) అంతటా ఒకేలా పట్టలేదు. బ్రష్ రెండోసారి తిప్పేసరికి పీచు లేచి నూగులా తయారైంది.

సరే కానిమ్మని ఆరబెట్టి ఎండలో పెట్టాను. అసలు కథ కడిగేటప్పుడు. నీలం ట్రేలోకి ధారగా పోయింది. మిగిలిన కాస్తా రోజుల్లోనే వెలిసి, ముదురుగా ఉండాల్సిన చోట గోధుమ ఛాయ వచ్చింది.

ముందు నన్ను నేనే అనుమానించుకున్నా. మందు పాతదేమో, నీళ్లలో తేడా ఉందేమో అని ఒకటే టెన్షన్. అదే సీసాలోని మందు నా పాత పేపర్‌కు పూస్తే చిక్కటి నీలం! అప్పుడు కొత్త పేపర్ ముక్క చింపి వెనిగర్‌లో వేశాను. అంచుల వెంట సన్నటి బుడగలు లేచాయి. దొంగ దొరికింది: క్యాల్షియం కార్బొనేట్, అంటే సుద్ద.

యాసిడ్ ఫ్రీ పేపర్లు చాలావాటిలో, ముందుముందు పుట్టే ఆమ్లాన్ని అణచడానికి సుద్ద కలుపుతారు. దాన్నే బఫరింగ్ అంటారు. పెన్సిల్ బొమ్మలకు, పుస్తకాలకు అది మేలే. మనకు మాత్రం విషం, ఎందుకంటే క్షారం (సుద్ద అలాంటిదే) తగిలితే ప్రష్యన్ బ్లూ, అంటే ఈ ప్రింట్లలోని నీలం రంగు, విరిగిపోతుంది. 1842లో జాన్ హెర్షెల్ ఈ పద్ధతి కనిపెట్టిన నాటి నుంచీ ఉన్న గుణమే ఇది. అట్ట మీద రాత మారిస్తే పోదు.

కాబట్టి కొనే ముందు ‘బఫర్ చేశారా, లేదా’ అని సూటిగా అడగండి. నేను ఆలస్యంగా అడిగితే ‘ప్రీమియం క్వాలిటీ అండీ’ అని జవాబొచ్చింది. సూటిగా చెప్పలేనివాళ్ల దగ్గర ఒక్క షీట్ కంటే ఎక్కువ తీసుకోవద్దు. దాని మీద వెనిగర్ పరీక్షతో పాటు నాలుగైదు చోట్ల నీటి చుక్క వేసి చూడండి. ఒక చుక్క వెంటనే ఇంకి, ఇంకోటి ముత్యంలా కూర్చుంటే నా ప్యాకెట్టే మీ ఇంటికీ వచ్చిందని అర్థం.

బాగుచేయడానికీ ప్రయత్నించా. 10 శాతం సల్ఫామిక్ ఆమ్లంలో బుడగలు ఆగేదాకా నానబెట్టి కడిగితే రంగు నిలిచింది. సైజింగ్ మాత్రం ఇంకా చెడింది. మళ్లీ జెలటిన్ పట్టించి, పటికతో గట్టిపరచి, ఆరేసి... ఒక్క షీట్‌కు ఇంత చాకిరీనా?

విప్పిన ప్యాకెట్ వెనక్కి తీసుకోరట. మిగిలిన షీట్లు ఇప్పుడు ట్రేల కింద నీళ్లు పీల్చుకోవడానికి పరుస్తున్నా. ఆ పనికి మాత్రం భేషుగ్గా ఉన్నాయి.