గాలింపు సామగ్రి: ఏళ్లపాటు వాడాక నిలిచినవి, మొరాయించినవి

వరదల్లో గల్లంతైనవారి కోసం, కూలిన భవనాల కింద చిక్కుకున్నవారి కోసం వెళ్లే స్వచ్ఛంద బృందాలు మోసే సామగ్రిలో మేం ఏళ్ల తరబడి వాడుతున్నవాటి సమీక్ష ఇది. పెట్టె మీద అచ్చేసిన రేటింగ్ కన్నా మాకు ఎక్కువగా అక్కరకొచ్చిన పరీక్ష ఒకటుంది. తడిసిన గ్లౌజులతో, చీకట్లో, అలసిపోయిన చేతులతో ఆ వస్తువును తీసి వాడగలమా? మర్నాటి పొద్దుటికల్లా కడిగి మళ్లీ సిద్ధం చేయగలమా? ఇందులో తప్పినవి ఎంత గొప్పవైనా బండిలోంచి దిగవు.

ముందు గ్లౌజులు. పని జరిగినంతసేపూ ఒంటి మీద ఉండేవి అవే, అందరూ ఆలోచించకుండా కొనేవీ అవే. తోలు గ్లౌజులు పొడి శిథిలాల్లో బాగా పనిచేస్తాయి. బురద నీళ్లు పీల్చాయంటే బరువెక్కి పట్టు జారుతుంది, ఆరాక అట్టకట్టుకుపోయి వేళ్లు వంగవు. అల్లిక బట్ట మీద, అరచేతి వైపు గరుకు నైట్రైల్ (కృత్రిమ రబ్బరు) పూత ఉన్నవి తడిలోనూ పట్టునిస్తాయి, ఉతికితే తొందరగా ఆరతాయి. ఇప్పుడు మా దగ్గర ఎక్కువ ఇవే.

గ్లౌజు మీద ఈఎన్ 388 (పని గ్లౌజుల యూరప్ ప్రమాణం) గుర్తు కింద నాలుగు అంకెలు, తర్వాత ఒక అక్షరం ఉంటాయి. అంకెలు వరసగా రాపిడి, కోత, చిరుగు, పోటు. అక్షరం ఏ నుంచి ఎఫ్ వరకు, కోతనే ఇంకో పద్ధతిలో కొలిచి ఇచ్చేది. రేకులు, గాజు ఉన్నచోట సీ కన్నా తక్కువది మేం వాడం. పోటు అంకె దగ్గర మాత్రం చాలామంది పొరబడతారు. ఆ పరీక్ష 4.5 మిల్లీమీటర్ల మొద్దు ములుకుతో చేస్తారు. అంటే అక్కడ 4 అని ఉన్నంత మాత్రాన ఇంజెక్షన్ సూదినో, సన్నటి తీగ మొననో ఆ గ్లౌజు ఆపుతుందని కాదు. ఆసుపత్రి శిథిలాల్లో, చెత్త కొట్టుకొచ్చిన నీళ్లలో చేతితో తడుముతూ వెతక్కూడదు. ముందు కర్రతో కదిపి చూడాలి.

మృతదేహాలను ఎత్తేటప్పుడు లోపల పల్చటి నైట్రైల్ గ్లౌజులు రెండు జతలు, పైన పని గ్లౌజు. లోపలి రెండు జతలూ వేరే వేరే రంగుల్లో ఉంటే పైది చిరిగిన చోట రంగు తేడా వెంటనే కంటపడుతుంది. పని గ్లౌజు మామూలు కన్నా ఒక సైజు పెద్దది తీసుకోవాలి. లేకపోతే చెమటకు లోపలివి ముడతపడి తీసేటప్పుడు అన్నీ కలిసి ఊడొస్తాయి.

హెడ్ ల్యాంపుల విషయంలో ల్యూమెన్ల (వెలుగు కొలత) అంకె చూసి మురిసిపోవద్దు. టార్చీలకు వాడే ఎఫ్ఎల్1 ప్రమాణం ప్రకారం వెలుగును ఆన్ చేసిన 30 సెకన్లకు కొలుస్తారు. ఎంతసేపు వెలుగుతుందన్నది ఆ వెలుగు 10 శాతానికి పడిపోయేదాకా లెక్క. కాబట్టి 300 ల్యూమెన్లు, 40 గంటలు అని పక్కపక్కన రాసి ఉంటే 40 గంటలూ 300 ఉంటాయని కాదు. వెలుగును ఒకే మట్టంలో నిలిపే సర్క్యూట్ ఉన్నది కొనండి. మొదట్లో ధగధగలాడి గంటలో మసకబారేదాని కన్నా 150 దగ్గర స్థిరంగా నిలిచేది రాత్రి పనికి మేలు.

నీటి పనికి నీళ్లను తట్టుకునే రేటింగ్ కనీసం ఐపీఎక్స్7 కావాలి, అంటే మీటరు లోతులో 30 నిమిషాలు తట్టుకోవాలి. ఐపీఎక్స్4 చిందులకే. మేం పక్కన పెట్టిన ల్యాంపుల్లో ఎక్కువ భాగం దీపం పోయినవి కావు, బ్యాటరీ మూత దగ్గరి రబ్బరు రింగులో ఇసుక రేణువు ఇరుక్కుని నీళ్లు దిగినవి. బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఆ రింగును వేలితో తుడిచి, పల్చగా సిలికాన్ గ్రీజు రాయాలి. ఆల్కలైన్ బ్యాటరీలను లోపలే వదిలి దాచిపెడితే కారి స్ప్రింగులను తినేస్తాయి. పని లేని రోజుల్లో తీసి విడిగా పెట్టండి. బృందంలో అందరి ల్యాంపులకూ ఒకే రకం బ్యాటరీ ఉండటం ఏ ఫీచరు కన్నా విలువైనది. ఇంకోటి: దుమ్ములో, పొగమంచులో నుదుటి మీది దీపం కళ్లముందు తెల్లటి తెర కట్టేస్తుంది. అప్పుడు దాన్ని తగ్గించి, చేతి టార్చిని నడుము ఎత్తులో పట్టుకుంటే దారి కనిపిస్తుంది.

హెల్మెట్లలో తేడా గడ్డం పట్టీ దగ్గర ఉంటుంది. ఈఎన్ 397 ఫ్యాక్టరీ హెల్మెట్ పట్టీ 150 నుంచి 250 న్యూటన్ల లాగుడుకు ఊడిపోయేలా చేస్తారు, ఎక్కడైనా తగులుకుంటే మెడ బిగుసుకోకుండా. ఈఎన్ 12492 కొండలెక్కే హెల్మెట్ పట్టీ 500 న్యూటన్లను తట్టుకోవాలి, పడిపోయేటప్పుడు తల మీదే ఉండాలి కాబట్టి. ఇరుకు సందుల్లోకి దూరేవారికి మొదటిది, తాడు మీద దిగేవారికి రెండోది. ప్రవాహంలోకి రెండూ పనికిరావు, నీళ్లు బయటికి పోయే రంధ్రాలున్న ఈఎన్ 1385 రకం కావాలి. ప్లాస్టిక్ చిప్ప మీద పెయింటుతో పేర్లు రాయడం మానండి. పెయింటులోని ద్రావకాలు దాన్ని లోలోపలే పెళుసుబారుస్తాయి.

మాస్కుల్లో ముక్కూ నోరూ మూసే రబ్బరు హాఫ్ మాస్కుకు పీ100 ఫిల్టర్లు బిగించి వాడటం మాకు అన్నిటికన్నా నచ్చింది. 99.97 శాతం కణాలను ఆపుతుంది, కడిగి మళ్లీ వాడొచ్చు. ఎన్95 తేలిక, కానీ చెమటకు తడిసి మెత్తబడితే అంచులు ముఖానికి అంటుకుని ఉండవు. ఏదైనా గడ్డం పెరిగిన ముఖం మీద పనిచేయదు. వేసుకున్నాక ఫిల్టర్లను అరచేతులతో మూసి గాలి పీల్చి చూడండి. మాస్కు లోపలికి నొక్కుకుని అలాగే నిలవాలి. కొంత వాడకం తర్వాత ఊపిరి బయటికి వదిలే కవాటం కింద సన్నటి సిమెంటు దుమ్ము చేరి అది పూర్తిగా మూసుకోదు. బయటి మూత తీసి ఆ రబ్బరు బిళ్లను రోజూ కడగాలి. దుమ్ము ఫిల్టరు వాయువులను ఆపదు, దుర్వాసననూ పెద్దగా ఆపదు. వాసనకు సేంద్రియ ఆవిర్లను పీల్చే క్యాట్రిడ్జి విడిగా కావాలి. గాల్లో ఆక్సిజన్ లేనిచోట ఈ మాస్కులేవీ ప్రాణం కాపాడవు.

ప్రకృతి విపత్తుల్లో చనిపోయినవారి దేహాల నుంచి అంటురోగాలు ప్రబలుతాయన్న భయంతో సున్నం, ఫార్మలిన్ చల్లే పిచికారీలు కూడా మోసుకొచ్చే బృందాలున్నాయి. దేహాల మీద అవి చల్లడం వల్ల ప్రయోజనం లేదు. ఆ దేహాలు ఊరికి రోగాలు తేవు. ముట్టుకునేవారికి రక్తం, మలం ద్వారా వచ్చే కొద్దిపాటి ముప్పుకు గ్లౌజులు, బూట్లు, సబ్బు, ముందే వేయించుకున్న హెపటైటిస్ బీ, ధనుర్వాతం టీకాలు సరిపోతాయి. పిచికారీల బరువుకు బదులు గ్లౌజుల పెట్టెలు ఇంకో రెండు ఎక్కించుకోవచ్చు.

బూట్ల గురించి రెండు మాటలు. శిథిలాల్లో అడుగున మేకును ఆపే పొర తప్పనిసరి. ఉక్కు రేకు సన్నటి మేకును కూడా ఆపుతుంది, బట్ట పొర తేలికగా వంగుతుంది కానీ సన్న మేకుల దగ్గర దాని రకాన్ని చూసి కొనాలి. గమ్ బూట్లు మోకాలి లోపు నీటికే. పై అంచు దాటి నీళ్లు నిండితే అడుగు తీసి అడుగు వేయలేం.

నీటి పనిలో లైఫ్ జాకెట్ ఫోమ్ రకమే ఉండాలి. ఉప్పు బిళ్ల కరిగి కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో ఉబ్బే జాకెట్లు ఓడ మీద బాగుంటాయి. రేకులు, ముళ్లకంపలు కొట్టుకొచ్చే వరదలో చిల్లు పడితే ఇక అంతే. తాడు తగిలించుకోవడానికి ఛాతీ మీద ఒక్క లాగుతో ఊడే బెల్టు ఉన్న రెస్క్యూ జాకెట్ ప్రవాహంలోకి దిగేవారికి కావాలి. దాన్ని వాడేముందు ఒడ్డున బరువు వేలాడదీసి, గ్లౌజులతో లాగి చూడండి. బురద ఎండిన బకిల్‌లోంచి పట్టీ జారదు, ప్రవాహంలో అది తెలిసినా అప్పటికి ఆలస్యమే. జాకెట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి పైన బరువులు పెడితే ఫోమ్ అణిగి తేలే శక్తి తగ్గుతుంది. వేలాడదీసే ఉంచాలి.

త్రో బ్యాగ్, అంటే కొట్టుకుపోతున్నవారికి విసిరే తాడు సంచి, మా సామగ్రిలో అతి సాదా వస్తువు, అన్నిటికన్నా ఎక్కువ నమ్మకస్తమైనది కూడా. 20 మీటర్ల తాడు చాలు. 25 అయితే బరువెక్కి గురి చెడుతుంది, 15 అయితే అందదు. తాడు పాలీప్రొపిలీన్‌ది, 8 నుంచి 10 మిల్లీమీటర్ల మందం. నీటి మీద తేలుతుంది, అందుకే అది. నైలాన్ తాడు బలమైనదే కానీ మునిగి రాళ్ల మధ్య చిక్కుకుంటుంది, తడిస్తే బలం కొంత తగ్గుతుంది కూడా. పాలీప్రొపిలీన్ తాడును ఎత్తు నుంచి మనుషుల్ని దించడానికి ఎప్పుడూ వాడకండి. రాపిడి వేడికి తొందరగా కరుగుతుంది, ఎండకు నూగు లేచి పెళుసవుతుంది.

తాడును చుట్టలు చుట్టి సంచిలో పెడితే విసిరినప్పుడు ముడిపడి మధ్యలోనే ఆగిపోతుంది. సంచి మూతి దగ్గర బొటనవేలు, చూపుడువేలితో తాడును పట్టుకుని, గుప్పెడు గుప్పెడుగా లోపలికి కూరాలి. సంచి అడుగున నిలిచిన నీళ్లు కూడా విసురుకు బరువునిస్తాయి, అందుకే మొదటి విసురు కన్నా రెండోది దూరం పోతుంది. విసిరేటప్పుడు బాధితుడి తలకు కాస్త ఎగువన, అతన్ని దాటి పడేలా గురి పెట్టాలి. తాడును చేతికి చుట్టుకోవద్దు. పట్టు తప్పితే వదిలేయగలగాలి. బెల్టుకు ఒక కత్తి ఉండాలి, మొన లేనిది.

నీట మునిగినవారి దేహాల కోసం బావిలో పడిన చేదను తీసే పాతాళ గరిగె లాంటి కొక్కేల గుత్తిని పడవ వెనక లాగడం పాత పద్ధతి. లోతు తెలిసిన, చెట్ల మొద్దులు లేని చోట ఇప్పటికీ అదే పని చేస్తుంది. పడవ ప్రవాహానికి ఎదురుగా, మెల్లగా పోవాలి. తాడు లోతుకు రెండు మూడు రెట్లు వదిలితేనే కొక్కేలు అడుగును రాసుకుంటూ వస్తాయి. పొడవు తగ్గితే పైకి లేచి నీళ్లలో ఊగుతాయి. మొన పదునైన కొక్కేలు దేహాన్ని గాయపరుస్తాయి. బతికి ఉండే ఆశ ఏ మాత్రం ఉన్నా వాటిని దించకూడదు.

సైడ్ స్కాన్ సోనార్ (ధ్వని తరంగాలతో రెండు పక్కలా నీటి అడుగును తెర మీద చూపే పరికరం) దొరికితే ముందు దానితోనే మొదలుపెట్టండి. పడవ మనిషి నడక వేగాన్ని దాటకూడదు. రెండు వైపులా 20 నుంచి 30 మీటర్ల పరిధి చాలు, ఎక్కువ పెడితే మనిషంత ఆకారం తెర మీద చుక్కైపోతుంది. చూడాల్సింది మెరిసే మచ్చను కాదు, దాని వెనక పడే నల్లటి నీడను. మొద్దుకూ దేహానికీ తేడా చాలాసార్లు నీడలోనే ఉంటుంది. కనిపించిన చోటును గుర్తుపెట్టి, ఇంకో దిక్కు నుంచి ఇంకోసారి పోయి చూశాకే డైవర్‌ను దించాలి. పక్కపక్క వరసలు కొంత ఒకదాని మీద ఒకటి పడేలా నడపాలి, ఎందుకంటే పడవ నేరు కింద సోనార్‌కు మసకగానే ఉంటుంది.

చోటు చెప్పుకోవడంలో సగం గందరగోళం అంకెల రాత వల్ల వస్తుంది. 10 డిగ్రీల 30 నిమిషాలు అంటే 10.50 డిగ్రీలు. దాన్ని 10.30 అని ఫోన్లో కొడితే ఉత్తర దక్షిణాల్లో దాదాపు 22 కిలోమీటర్ల తేడా. బృందమంతా దశాంశ డిగ్రీలే వాడాలని ముందే ఒప్పుకోండి. నాలుగో దశాంశ స్థానం ఉత్తర దక్షిణాల్లో సుమారు 11 మీటర్లు, గాలింపుకు నాలుగు కన్నా తక్కువ స్థానాలు చాలవు.

నాలుగు వాయువుల డిటెక్టరు లేకుండా బావిలోకో, నేలమాళిగలోకో ఎవరినీ దించం. మామూలుగా ఆక్సిజన్ 19.5 శాతం కన్నా తగ్గినా, మండే వాయువు పేలుడు కింది హద్దులో 10 శాతానికి చేరినా, కార్బన్ మోనాక్సైడ్ 35 పీపీఎం (పది లక్షల పాళ్లలో ఇన్ని పాళ్లు), హైడ్రోజన్ సల్ఫైడ్ 10 పీపీఎం దాటినా మోగేలా పెడతారు. కుళ్లిన గుడ్ల వాసన వస్తోందా అని ముక్కును నమ్మొద్దు. హైడ్రోజన్ సల్ఫైడ్ 100 పీపీఎం దగ్గరికి వచ్చేసరికి వాసన తెలియడమే ఆగిపోతుంది. డిటెక్టరును బయటి శుభ్రమైన గాలిలో ఆన్ చేయాలి. ప్రతి రోజూ పరీక్షా వాయువు పట్టి మోగుతుందో లేదో చూడాలి. దీపాల రింగులకు రాసే సిలికాన్ గ్రీజు, సిలికాన్ స్ప్రేలు ఈ పరికరం దగ్గరికి రానివ్వకండి, మండే వాయువును పసిగట్టే సెన్సరు వాటితో చచ్చిపోతుంది. చేతులకు శానిటైజర్ పూసుకుని వెంటనే పట్టుకుంటే కార్బన్ మోనాక్సైడ్ అంకె ఊరికే పెరుగుతుంది.

ఈల ప్రతి మెడలోనూ ఉండాలి, లోపల గింజ లేనిది. గింజ ఉన్నది బురదకు మూగబోతుంది. అంతర్జాతీయ గాలింపు బృందాల సలహా మండలి ఇన్సరాగ్ సంకేతాలు ఇవి: మూడు పొట్టి ఊదుళ్లు అంటే బయటికి వచ్చేయండి, మూడు సెకన్ల ఒక్క పొడుగు ఊదు అంటే పని ఆపి నిశ్శబ్దం, ఒక పొడుగు తర్వాత ఒక పొట్టి అంటే మళ్లీ మొదలుపెట్టండి.

శ్లాబు ఎత్తేచోట కొయ్య దిమ్మెలకు మించినది లేదు. 4 అంగుళాల చదరపు దిమ్మెలను వరసకు రెండు చొప్పున అడ్డం నిలువు పేర్చాలి. దిమ్మె కొనలు మూల దాటి 4 అంగుళాలు బయటికి ఉండాలి. పేర్పు ఎత్తు దాని అడుగుభాగం వెడల్పుకు మూడు రెట్లు మించకూడదు. ఇనుప స్టాండు ఉన్నట్టుండి కూలుతుంది, కొయ్య నలుగుతూ కిర్రుమంటుంది. ఆ చప్పుడే హెచ్చరిక. పెయింటు వేసిన దిమ్మెలు జారతాయి, పగుళ్లూ కనబడవు. అంగుళం ఎత్తితే అంగుళం దిమ్మె కింద పెట్టాలి.

దేహాలను మోసే బాడీ బ్యాగుల్లో పల్చటి పీవీసీవి పట్టీ కుట్టు దగ్గర చిరుగుతాయి. పట్టీలు సంచి అడుగు కిందుగా ఈ పక్క నుంచి ఆ పక్కకు పోయేవి కొనండి. నీటిలోంచి తీయడానికి అడుగున వల ఉన్నది కావాలి, లేకపోతే నీళ్ల బరువు పడవను ఒరగదీస్తుంది. గుర్తింపు సంఖ్య రెండు చీటీల మీద, ఒకటి దేహానికి, ఒకటి సంచికి. తడి కాగితం మీద బాల్ పెన్ను రాయదు, నీటికి తట్టుకునే కాగితం, పెన్సిల్ పెట్టుకోండి. ఉంగరం, తాళంచెవులు, ఫోను దేహంతోనే ఉండాలి. వేరే సంచిలో వేస్తే ఆ కుటుంబానికి తమ మనిషిని గుర్తుపట్టే ఆఖరి ఆధారం పోవచ్చు.

కడగడం రోజూ ఒకే వరసలో. ముందు బురదంతా నీళ్లతో పోవాలి, ఎందుకంటే మట్టి మిగిలితే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. తర్వాత బూట్లు, స్ట్రెచర్లకు 0.5 శాతం క్లోరిన్ నీళ్లు. 35 శాతం బ్లీచింగ్ పౌడరైతే లీటరుకు 14 గ్రాములు, 5 శాతం ద్రవమైతే ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు. 10 నిమిషాలు ఉంచి మంచినీళ్లతో కడిగేయాలి, లేకపోతే బకిళ్లు తుప్పుపడతాయి. తాళ్లకు, జాకెట్ల బెల్టులకు క్లోరిన్ తగలనివ్వకండి. మెత్తటి సబ్బు, మామూలు నీళ్లు, నీడలో ఆరబెట్టడం, అంతే. నైలాన్ తాడు ఉన్న పెట్టెలో పడవ బ్యాటరీ పెట్టొద్దు. యాసిడ్ ఆవిరి తగిలిన చోట తాడు చూడ్డానికి బాగానే ఉంటుంది, బరువు పడితే తెగుతుంది. అనుమానం వచ్చిన తాడును ముక్కలుగా కోసి పారేయండి. పక్కన పెడితే తర్వాతి రాత్రి హడావిడిలో ఎవరో ఒకరు అదే తీసుకెళతారు.